బయట నిలబడి చూసినవారు

ఆ పేటలో అందరూ అతన్ని తాళాలాయన అంటారు. ముప్ఫై ఏళ్ళుగా తాళాలు బాగుచేసే పనే. ఆరేళ్ళ నుంచి అగ్నిమాపక కేంద్రం వాళ్ళకి కూడా సాయం వెళుతున్నాడు. ఇంట్లో ఎవరైనా పడిపోయి తలుపు తీయలేకపోతేనో, మూసిన ఇంట్లోంచి గ్యాసు వాసన వస్తేనో అక్కణ్ణుంచి ఫోను వస్తుంది. పనిముట్ల పెట్టె తన చిన్న కారులో పడేసుకుని వెళ్ళి, తలుపు పగలకుండా తాళం తీసిపెట్టి వస్తాడు. జీతం లేదు, సేవ. నిజం చెప్పాలంటే ఆ ఫోను తప్ప అతని ఫోను మోగడమే తక్కువ. పెళ్ళి మాట వాయిదా పడుతూ పడుతూ చివరికి ఎవరూ ఎత్తని మాటయింది. ఇప్పుడు యాభై నాలుగు.

కిందటి నెల అలాగే ఫోను వస్తే బయల్దేరాడు. దారిలో ఒక లారీ అడ్డంగా నిలిపి ఇనుప ఊచలు దించుతున్నారు. హారన్ కొట్టాడు, కిందికి దిగి బతిమాలాడు. ఎవరి తొందర వాళ్ళది. చేరేసరికి కేంద్రం వాళ్ళు పగలగొట్టిన తలుపు రెండు ముక్కలై గోడకి ఆనించి ఉంది. తుంటి విరిగిన పెద్దాయన స్ట్రెచర్ మీంచి తల తిప్పి చూసి, "తాళం తీయాల్సింది నువ్వేనా?" అని అడిగాడు. "తుంటిదేముంది, అతుక్కుంటుంది. ఆ తలుపు మా ఆవిడ దగ్గరుండి చేయించింది."

ఆ మాట అతన్ని వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ వారం చివర కేంద్రం ఆఫీసరు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"మీ కారుకి హెచ్చరిక లైటు ఉండాల్సిందే మాస్టారూ. నారింజ రంగుది. శనివారం తనిఖీ. ఆ రోజుకి కాగితం నింపి, లైటు బిగించి తేకపోతే మీ పేరు పిలుపుల జాబితాలోంచి తీసేస్తారు. నా చేతుల్లో ఏం లేదు."

"తీసేస్తే ఇక ఫోను చెయ్యరా అండీ?"

"చెయ్యం కదా మరి."

తాళాలాయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం కార్ల కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. దుకాణం నడిపే ఆవిడకి అతనంటే గౌరవం. ఒకసారి తాళంచెవి షట్టరులోనే విరిగిపోతే గీత పడకుండా తీసిపెట్టాడు.

"కారు మీద బుగ్గ మాత్రం వద్దమ్మా" అన్నాడు ముందుగానే. "దిగగానే మంత్రిగారొచ్చారని జనం పోగవుతారు. తాళాల పెట్టె చూసి నవ్వుకుంటారు."

"అయితే లోపల పెట్టేవి చూడండి అన్నయ్యగారూ. ముందు అద్దం వెనక, పైన నక్కి కూర్చుంటాయి. ఆపేస్తే అక్కడొకటి ఉందని కూడా తెలీదు."

"నాలాగన్నమాట."

"మీరు ఆపినా వెలిగించినా తెలీదు కదా" అని నవ్వి ఆవిడ రెండు అట్టపెట్టెలు బల్లమీద పెట్టింది.

మొదటి దాంట్లో ఉన్నది ఒకటే పొడుగాటి ముక్క. రెండు వేళ్ళ మందం. వెనక చూసుకునే చిన్న అద్దానికి పైన, కారు కప్పుకి స్క్రూలతో బిగించాలి. రెండో దాంట్లో రెండు చిన్న ముక్కలు. కారు ముందు అద్దానికి చెరో పక్కా రబ్బరు చిప్పలతో నొక్కితే గాలి పీల్చుకుని అతుక్కుంటాయి.

"మొదటిది బిగిస్తే ఇక దాని మొహం చూడక్కర్లేదు. రెండోది అద్దానికి బాగా ఆనుకుంటుంది గానీ, ఎండకి రబ్బరు వదులై జారుతుంది. నెలకోసారి బయట నుంచి ఎవరైనా చూసి సరిగ్గా ఉందో లేదో చెప్పాలి."

"బయట నుంచి ఎందుకు? లోపల కూర్చున్నవాడికి తెలీదా?"

"తన కళ్ళలో పడేది తెలుస్తుంది. బయటికి ఎంత కనిపిస్తోందో ఎలా తెలుస్తుంది? మిట్ట మధ్యాహ్నం ఎండలో చూడాలి. ఒకరు లోపల కూర్చోవాలి. ఒకరు ఎదురుగా ఇరవై అడుగులు వెళ్ళి చూడాలి, పక్కకి నడిచి చూడాలి. మీ కాగితంలో కూడా అదే ఉంటుంది చూడండి. అమ్మినవాళ్ళు సంతకం పెట్టకూడదు, లేకపోతే నేనే పెట్టేదాన్ని. రెండూ పట్టుకెళ్ళి చూసి, ఒకటి వెనక్కి ఇచ్చేయండి. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారుగా?"

"ఉంటారు" అన్నాడు తాళాలాయన. ఎందుకలా అన్నాడో అతనికే తెలియదు.

ఇంటికొచ్చి కాగితం విప్పాడు. అడుగున రెండు గీతలున్నాయి. 'లోపల కూర్చున్నవారు' అని ఒకటి. 'బయట నిలబడి చూసినవారు' అని ఒకటి. రెండో గీత పక్కన చిన్న గడి, దానిమీద 'సంబంధం' అని అచ్చువేసి ఉంది.

గురువారం మధ్యాహ్నం ఒక్కడే తంటాలు పడ్డాడు. మూసి ఉన్న కుర్చీల దుకాణం ముందు కారు ఆపి, దుకాణం అద్దంలో తన లైటు చూసుకుందామనుకున్నాడు. ఎండ కొట్టి, స్టీరింగు పట్టుకున్న తన ఆకారం తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత ఇరవై అడుగుల దూరంలో ఇటుక పెట్టి, దానికి ఫోను ఆనించి, వీడియో పెట్టి వచ్చి కూర్చున్నాడు. లైటు వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు. వెళ్ళి చూస్తే మొదట కాసేపు చారలు చారలుగా ఏదో మెరిసింది. ఆ తర్వాతంతా ఒక కుక్క వీపు. అది వచ్చి ఫోనుకి అడ్డంగా కూర్చుని, అతను చేసేదంతా చివరిదాకా చూసింది. కుక్కకి సంతకం వచ్చుంటే బాధ తీరేది.

పై వాటాలో అద్దెకుండే గుమాస్తా ఆ రోజు జలుబు చేసి సెలవులో ఉన్నాడు. తాళాలాయన మెట్లెక్కి సంగతి చెప్పాడు.

"సంతకమేగా, ఇలా ఇవ్వండి."

"ఒక్కసారి కిందికొచ్చి చూస్తే..."

"ఈ ముక్కుతో ఎండలోకా? మీరు వెలుగుతోందంటే వెలుగుతున్నట్టేనండీ. నాకు మీమీద నమ్మకం." గుమాస్తా కలం మూత తీశాడు. "ఈ సంబంధం దగ్గరేం రాయను? స్నేహితుడు అని రాసెయ్యనా?"

అతను అద్దెకొచ్చిన ఆరేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ నీళ్ళ మోటారు గురించే. తాళాలాయన మెల్లగా కాగితం వెనక్కి తీసుకున్నాడు. "తర్వాత వస్తానండీ, మీరు పడుకోండి" అని దిగి వచ్చేశాడు. గుమాస్తా మంచివాడే. కానీ చూడనివాడు చూశానని రాస్తే ఒక అబద్ధం, స్నేహితుడని రాస్తే ఇంకొకటి. ఆపదలో ఉన్నవాళ్ళ కోసం పెట్టుకునే లైటు కింద అన్ని అబద్ధాలు పెట్టాలనిపించలేదు.

చూడనిది చూశానని చచ్చినా అనని మనిషి అతనికి తెలిసి ఒక్కరే. అక్క. ఆమె ఉండేది అరగంట దూరంలో. మాటలు లేక నాలుగేళ్ళు.

బావ పోయిన నెలకి, రెండు రోజులపాటు అక్క ఫోను ఎత్తలేదు. తాళాలాయన గుండె చేత్తో పట్టుకుని వెళ్ళాడు. వెళ్ళినవాడు తలుపు తట్టలేదు. మూసిన తలుపు కనబడగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అరనిమిషంలో లోపలున్నాడు. అక్క కుర్చీలో కూర్చుని, బావ కళ్ళజోడు పెట్టుకుని గోడవైపు చూస్తోంది. తమ్ముణ్ణి చూడగానే దొంగిలించిన వస్తువులా దాన్ని లాగేసింది.

"తలుపు తట్టాలని తెలీదురా?"

"ఫోను ఎత్తకపోతే ఏమైపోయావోనని..."

"నా తలుపు నేను తీయలేదంటే తీయాలని లేకే. దొంగకీ నీకూ తేడా ఏముంది?"

పోతున్న ప్రాణం నిలబెడదామని వస్తే దొంగనంటావా అని అతనూ ఒక మాట విసిరి వచ్చేశాడు. వారం తర్వాత తెలిసింది, అక్క తాళం మార్పించిందని. అదీ వేరేవాడి చేత. దొంగ అన్నందుకన్నా దానికే ఎక్కువ నొచ్చుకున్నాడు. ఎలాంటి తలుపైనా తీసే విద్య ఇచ్చిన దేవుడు, తట్టి నిలబడే ఓపిక కూడా కాస్త ఇచ్చి ఉండకూడదా అని అప్పుడప్పుడూ అనుకుంటాడు. ఇచ్చాడేమో, తనే వాడుకోలేదేమో అని కూడా అనుకుంటాడు.

శుక్రవారం మధ్యాహ్నం అక్క ఇంటి ముందు కారు ఆపాడు.

వద్దనుకున్నా కళ్ళు తాళం మీదికే వెళ్ళాయి. నాసిరకం. ఇరవై సెకన్ల పని. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. తట్టాలంటే ఒకటి తీయాలి కదా. కుడిచెయ్యి తీసి రెండుసార్లు తట్టాడు.

లోపల ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్ళలో ఎన్ని తలుపుల ముందు నిలబడ్డాడో లెక్కలేదు గానీ, అవతలివాళ్ళు తీసేదాకా నిలబడింది ఎప్పుడో గుర్తులేదు. చాలాసేపు పట్టింది. మళ్ళీ తట్టాడు. అడుగులు వినిపించాయి. తలుపు దాకా వచ్చి ఆగాయి.

"ఎవరు?"

"నేను."

"నేనంటే?"

"తమ్ముణ్ణి."

"తలుపులు తీయడం నీకు వచ్చుగా" అంది లోపలి నుంచే.

"వచ్చు. అందుకే తట్టాను."

గొలుసు పట్టినంత మేర తలుపు తెరుచుకుంది. అక్క జుట్టు బాగా నెరిసింది. మొహంలో సగమే కనిపిస్తోంది. "ఏంటి పని?"

"వచ్చి కారు ముందు నిలబడి చూడాలక్కా. ఇరవై అడుగుల దూరంలో."

"ఏం చూడాలి?"

"నేను కనిపిస్తున్నానో లేదో. అంటే, లైటు."

అక్క అతన్నీ, వెనకాల కారునీ చూసింది. తలుపు మూసింది. గొలుసు తీసిన చప్పుడైంది. చెప్పులు వేసుకుని బయటికొచ్చింది.

పొడుగాటి ముక్కని టేపుతో పైన అంటించి, తీగ సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టి, అతను లోపల కూర్చున్నాడు. అక్క అడుగులో అడుగు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఇరవై కాగానే తిరిగి నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను మీట నొక్కాడు.

"వెలుగుతోందా?" అని కిటికీలోంచి కేకేశాడు.

"నీ మొహం వెలుగుతోంది. నారింజ పండులా ఉన్నావు."

"లైటు సంగతి చెప్పక్కా."

"ఎదురుగా ఉంటే కనిపిస్తోంది. పక్కకి జరిగితే లేదు. ఉన్నదాంట్లో సగం నీ మొహాన్నే కొట్టుకుంటోంది."

నిజమే, అతని కళ్ళు జిగేలుమంటున్నాయి. దాన్ని తీసేసి, రెండు చిన్న ముక్కల్ని అద్దానికి చెరో పక్కా బొటనవేలితో గట్టిగా నొక్కాడు. మీట వేశాడు. ఈసారి లోపల ఏమీ మారలేదు. వెలుగుతున్నట్టే తెలియలేదు.

"ఇప్పుడో?"

అక్క కుడిపక్కకి నడిచింది, ఎడమపక్కకి నడిచింది. తర్వాత వెనక్కి తిరిగి వీధి చివరికి నడవడం మొదలుపెట్టింది. ఇరవై అడుగులు చాలని చెబుదామనుకున్నాడు. మలుపు తిరిగి వెళ్ళిపోతుందేమో అనిపించింది. అద్దంలోంచి ఆమె వీపు చిన్నదవుతూ పోయింది. ముందు వీధంతా ఎండ. కారులో అతనొక్కడే, తనకి కనిపించని లైటు వేసుకుని కూర్చున్నాడు.

మలుపు దగ్గర అక్క ఆగి ఇటు తిరిగింది. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి పైకెత్తి ఊపింది.

తిరిగొచ్చాక కారు బానెట్ మీద కాగితం పెట్టుకుంది. రేకు కాలుతోందని కింద చీర కొంగు వేసుకుంది. చేతిసంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. అది బావది. తమ్ముడి చూపు పసిగట్టి, "నా నంబరూ దీని నంబరూ దగ్గరదగ్గరగానే ఉన్నాయన్నాడు డాక్టరు" అంది. అతను తలూపాడు.

అక్క ప్రతి ముక్కా చదివి సంతకం పెట్టింది. పక్క గడిలో 'అక్క' అని రాసింది.

"ఏది పెట్టుకుంటావు?"

"మొదటిదైతే బిగించాక ఇక చూడక్కర్లేదు. రెండోదాన్ని నెలనెలా బయట నుంచి ఎవరో ఒకరు చూడాలి."

"మొదటిది పక్కకి కనపడలేదని చెప్పానుగా."

"చెప్పావు."

"చూసినవాళ్ళ మాట వినకపోతే సంతకం దేనికిరా?"

ఆ చూసే ఎవరో ఒకరు ఎవరన్నది ఆమె అనలేదు. అతను అడగలేదు. మంచినీళ్ళు తాగుతావా అని కూడా అనకుండా అక్క లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తాళం పడిన చప్పుడు విని, దాని నాలుక పూర్తిగా గాడిలోకి దిగడం లేదని అతనికి అర్థమైంది. చెబుదామని ఒక అడుగు వేశాడు. మళ్ళీ ఆగి, కారెక్కాడు.

శనివారం తనిఖీ పావుగంటలో అయిపోయింది. ఆఫీసరు కాగితం చూసి, "మీకు అక్కగారున్నారని ఎప్పుడూ చెప్పలేదే మాస్టారూ" అన్నాడు.

"ఉందండీ."

ఆఫీసరు ముద్ర వేసి, మళ్ళీ చూపించాల్సిన తేదీ కింద రాశాడు. సరిగ్గా నెల.

బయటికొచ్చి తాళాలాయన కారులో కూర్చున్నాడు. లైటు ఆపి ఉంది. దారినపోయేవాళ్ళకి అక్కడ అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. ఫోను పక్క సీటులో నిశ్శబ్దంగా ఉంది. అతను చెయ్యి చాపి రబ్బరు చిప్పని బొటనవేలితో కదిపి చూశాడు. గట్టిగానే ఉంది. ఆపదలో ఉన్నవాళ్ళ కోసం పెట్టిన లైటు అది, జారకూడదు. అయినా నెల తిరిగేలోపు అది ఒక పిసరైనా జారాలని దేవుణ్ణి అడగొచ్చో లేదో అతనికి తేలలేదు.