బర్నబాసుగారి చేతి మైకు

నేను ఒక మైకుని. ఇప్పుడు తెనాలిలో పాత సామాన్ల కొట్లో, తెగిన తీగల కింద పడి ఉన్నాను. నేను పుట్టినప్పుడు ఏదో పెద్ద ఊళ్ళో ఫ్యాక్టరీలో ముఖం తెలియని ఒకామె నాకు తీగలు అతికించి గొంతు ఇచ్చింది. మొదట నన్ను పందిళ్ళ సామాను అద్దెకిచ్చే ఆసామి కొన్నాడు. పెళ్ళిళ్ళలో తప్పిపోయిన పిల్లల పేర్లూ, ఎన్నికల్లో ఎవరూ నిలబెట్టుకోని మాటలూ మోశాను. మూతి మీద జాలీ సొట్టపోయాక బర్నబాసుగారికి అమ్మేశాడు.

బర్నబాసుగారు ఊరూరా సందేహ నివారణ కూటాలు పెట్టే బోధకులు. ఇల్లుంటే మేస్త్రీ ఉండాలి, లోకముంటే కర్త ఉండాలి అనేవారు. "ఇది చెడు అంటున్నావంటే మంచేదో నీకు తెలుసన్నమాట. ఆ తెలివి నీకెవరిచ్చారు?" అని అడిగితే నాస్తికులు కూడా ఆలోచనలో పడేవారు. తన వాదనను అందరికన్నా గట్టిగా తానే నమ్మేవారు. ఒక్కటే అలవాటు. నన్ను ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ప్రశ్న అడిగేవాళ్ళ నోటి దగ్గర తానే పట్టుకునేవారు. బొటనవేలు నా స్విచ్చి మీదే ఉండేది.

కొల్లూరు కూటంలో ఆడవాళ్ళ వైపు నుంచి సువార్తమ్మ లేచింది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఆ వేసవిలోనే ఆమె కొడుకు కాలవలో మునిగి చనిపోయాడు.

"వందనాలయ్యగారూ. దేవుడు అన్నీ మేలుకే చేస్తాడంటన్నారు గదా. నా బిడ్డ పోతే ఏం మేలు జరిగిందో చెప్పండి."

"బాబు ఉన్నన్నాళ్ళు మందిరం మొహం చూశావా అమ్మా?"

"ఆదివారం కూడా మిషనే తొక్కేదాన్నండి."

"మరి ఇవాళ వచ్చావు. బాబు వెళ్ళాడు గనకే నీ ఆత్మ దక్కింది. అదీ మేలు."

చప్పట్లు మోగాయి.

"అయితే నేను వెళ్ళిపోతానండి. వాణ్ణి తిరిగిచ్చెయ్యమనండి."

బొటనవేలు కదిలి నా స్విచ్చి ఆపేసింది. ఆ తర్వాత ఆమె అన్నది ఆయనా నేనూ మాత్రమే విన్నాం.

"మీరు ఇన్ని కారణాలు చెబుతున్నారు. కొడుకు సిలవ మీద పోతుంటే ఆ తండ్రి ఒక్క కారణం చెప్పలేదండి. పట్టపగలు చీకటి చేసుకుని కూచున్నాడు. అందుకే నేనింకా ఆయన్ని నమ్ముతున్నా."

నెల తిరక్కుండా భట్టిప్రోలులో అదే మాట బర్నబాసుగారి గొంతుతో నాలోంచి వచ్చింది. ప్రభువు తనకు బయలుపరిచాడన్నారు. ఎక్కడ విన్నదీ నిజంగానే మరిచిపోయి ఉంటారు. మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆయన వాదనలన్నిటిలోకీ నిలబడేది అదొక్కటే.

చాపల మీద ముందు వరసలో సువార్తమ్మ ఉంది. లేచి నిలబడింది. "ఆ మాట నాదండి" అని పెదవులు కదిలాయి. నేను దగ్గర లేను గనక ఎవరికీ వినబడలేదు.

ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. "ఈ చెల్లెమ్మను ప్రభువు తాకాడు. ఒక్క మాటలో సాక్ష్యం చెప్పమ్మా" అంటూ నన్ను ఆమె నోటి దగ్గర పెట్టారు. ఈసారి స్విచ్చి వేసే ఉంది.

ఆమె కొడుకు పేరు చెప్పింది.

"వినోదు."

జనమంతా ఆమెన్ అన్నారు. దాన్ని కూడా నేను ఊరంతటికీ వినిపించాను.