కత్తిరించిన ఏడుపు

క్యాసెట్ల దుకాణం నడిపే రోజుల్లో ఒక జపాన్ మరమనిషి కార్టూన్‌ సీరియల్‌కు నకళ్లు తీసి అద్దెకిచ్చేవాణ్ణి. పిల్లలకు కొట్లాటలే కావాలని, ఆ మరమనిషిని నడిపే కుర్రాడు గదిలో ఒంటరిగా కూర్చునే ఘట్టాలన్నీ తీసేశాను. చదువు ఏడో తరగతి దాటని నాకు అవి దండగనిపించాయి.

నిన్న మా అక్క కూతురు వచ్చింది.

“మావయ్యా, చివర్లో యుద్ధం వదిలేసి పోయాడని ఆ మరమనిషి కార్టూన్‌ కుర్రాణ్ణి ఇన్నేళ్లూ పిరికిపంద అన్నాను. ఉద్యోగం మానేసిన రోజు నన్నూ అలాగే తిట్టుకున్నా. మొన్న అసలు సీరియల్‌ మొత్తం చూశా. స్నేహితుణ్ణి చంపానని గదిలో ఒంటరిగా కూర్చుని ఎంత ఏడ్చాడో! మన క్యాసెట్లో అది లేదేం?”

“టేపు అరిగిపోయి ఉంటుందే.”

“పోన్లే, నువ్వేం చేస్తావు పాపం!” అని నా భుజం తట్టింది.

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.