లామినేషన్ చేయించిన తీర్పు

అశోక్ నగర్‌లో నేను నడిపే మెస్ వంటింట్లో కాగితం బతకదు. సాంబారైనా పడుతుంది, పాపైనా నములుతుంది. అందుకే కోర్టు నుంచి తీర్పు నకలు రాగానే చిక్కడపల్లిలో జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి, కుట్టు విప్పించి, పన్నెండు పేజీలకూ లామినేషన్ చేయించాను. హాస్టల్ పిల్లలు తమ మార్కుల మెమోలకు చేయించుకుంటుంటే చూసి నేర్చుకున్న జాగ్రత్త అది.

మా ఆయన పోయాక, మెస్ ఉన్న రెండు గదులూ తనవేనని ఆయన అన్న, మా బావ, దావా వేసి గెలిచాడు. అప్పీలుకు ముప్పై రోజులు గడువు. నకలు కోసం పట్టిన రోజులు తీసేస్తే నాకింకా రెండు రోజులున్నాయి.

నారాయణగూడలో వకీలు నాగశ్రీ గారు ఆ పేజీలను వేలితో టకటకా కొట్టి చూశారు.

"ఇదేంటి రేణుకా? దీన్ని ఎలా కుడతారు, ముద్ర ఎక్కడ వేస్తారు? విప్పిన నకలు తీసుకోరు. కొత్తదానికి దరఖాస్తు పెట్టాలి."

"ఎన్ని రోజులైతది మేడం?"

"గడువు దాటిపోతుంది."

ఆ గదులు పోతే పాపను ఎత్తుకుని ఎటు వెళ్ళను?

కొత్త నకలు వచ్చేసరికి ఏడు రోజులు ఆలస్యమైంది. అప్పీలుతో పాటు, ఆలస్యానికి కారణం చెప్పే ప్రమాణపత్రం కూడా ఇవ్వాలన్నారు మేడం. గుమాస్తా నాగేందర్ పెన్ను తీశాడు.

"పాపకు జరమని రాద్దాం అక్కా. అందరు గదే రాస్తరు. డాక్టర్ చిట్టీ నేను తెస్త."

"మంచిగున్న పిల్ల మీద జరం రాయనియ్య. లామినేషన్ చేయించిన అని రాయి."

"జడ్జి సారు నవ్వుతడక్కా."

"నవ్వనీ. తొమ్మిదో తరగతిల బడి బంద్ జేసిన అని గూడ రాయి."

నాగశ్రీ గారు కళ్ళద్దాలు తీశారు. "అలాగే రాయవయ్యా."

విచారణలో బావ తరఫు వకీలు, "ఇలాంటి కథలు ఎవరైనా అల్లుతారు" అన్నాడు. నేను సంచిలోంచి పన్నెండు పేజీలూ తీసి ఇచ్చాను. జడ్జిగారు ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూశారు. నకలు ఇచ్చిన తేదీ, కోర్టు ముద్ర లోపల చెక్కుచెదరకుండా ఉన్నాయి. గడువు లోపలి తేదీ. ఆయన నవ్వలేదు. ఆలస్యాన్ని మన్నించి, అప్పీలును విచారణకు తీసుకుని నంబరు వేయమన్నారు.

కేసు ఇంకా గెలవలేదు. అది తేలేదాకా ఖాళీ చేయించొద్దని మేడం మరో అర్జీ వేశారు. నేను మాత్రం ఇంటికొచ్చి, పొయ్యి ముట్టించే ముందు, సాంబారు చిందనంత, పాప చెయ్యి అందనంత ఎత్తులో గోడ మీద ఆ నంబరు రాసుకున్నాను.