ముప్పై ఆరో ఇల్లు

అయినా పొయ్యిని చూసి మనుషుల్ని లెక్కపెట్టమన్న ఆ పుస్తకం రాసినాయన మన వైపు ఒక్కసారైనా వచ్చి ఉంటే కదా, ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళే కుటుంబమట, బీఏ సోషియాలజీ మూడేళ్ళూ ఆ ముక్క కంఠతా పట్టి మార్కులు కూడా తెచ్చుకున్న రమ్యశ్రీకి ఇప్పుడు కాలేజీ వరండాలో నలభై సర్వే ఫారాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఒళ్ళు మండుతోంది, లోపల వైవా నడుస్తోంది, ఇంకో ఇద్దరి తరవాత తన వంతు, చేతిలో సుబ్బరాజు మాష్టారిచ్చిన వైట్నరు, పాపం ఆయన మంచివారే, పొద్దున్న ఫారాలు తిరగేసి నవ్వేశారు, ఏవమ్మా, నలభై ఇళ్ళకి ఇరవై మూడు తప్పులా, కువైట్‌లో ఉన్న మగాళ్ళని ఇంట్లో ఉన్నట్టు రాసేసేవేంటి, వైవాకి బయట్నించి వచ్చినాయన చూస్తే ప్రాజెక్టు తిప్పికొడతారు, ఎమ్మే సీటంటున్నావు, ఏడాది పోద్ది, నాలుగున్న చోట మూడు చేసెయ్, అన్నారు, ఆయ్ అండీ అనేసింది తను, నోరు ఊరుకోదు కదా.

దిద్దడానికెంతసేపు, పైనే ఉంది బంగారమ్మ పిన్ని ఫారం, సర్వేకి వెళ్ళిన రోజు పిన్ని రొయ్యల చెరువు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది, ఇంట్లో ఎంతమంది పిన్నీ అంటే ఐదుగురం అంది, వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, మొట్టమొదటి వేలు బాబాయిదే, ఆయన కువైట్ వెళ్ళి ఏడేళ్ళయింది కదా అంటే, వెళ్తే, మనిషి లేకుండా పోయేడా, మొన్న గోడలకి ఆకుపచ్చ వేద్దామంటే వీడియోలో చూసి వద్దన్నాడు, నీలం వేసేం, ఇంట్లో లేనోడికి రంగు గొడవెందుకే, రాయవే తిన్నగా, చదువుకున్నదానివి, అని కసిరింది, పక్కింటి ఉషారాణి వదిన ఇంకా నయం, మంచం మీద తాగి పడుకున్న దొరబాబు అన్నయ్యని పక్కన పెట్టుకుని ఇద్దరమేనమ్మా, నేనూ పాపాను, అంది, మరి అన్నయ్యో అంటే, ఉన్నారా, అని ఎదురడిగింది, కువైట్ మగాళ్ళున్న ఇరవై మూడిళ్ళ ఆడవాళ్ళు కూడబలుక్కోకుండా ఒకే తప్పు చేస్తారా, చెయ్యరు, అయితే అది తప్పు కాదు, ఆ మాటే లోపల చెప్పగలదు తను, దడ కూడా లేదు, కానీ ఆ వచ్చినాయన, వాళ్ళు చదువుకోలేదు కదమ్మా, ప్రశ్న అర్థమై ఉండదు, అంటే ఏం చెప్పాలి, అక్కడ వచ్చింది చిక్కు.

ఫారాలు తిరగేస్తూ పోతే ముప్పై ఆరోది వచ్చింది, తమ ఇల్లే, యజమాని కనకరాజు, కువైట్‌లో హౌస్ డ్రైవరు, తొమ్మిదేళ్ళు, నాలుగు నెలలయింది ఆ నాన్నతో మాట్లాడి, సోషియాలజీ చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే, నర్సింగులో చేరుంటే వీసా పంపేవాణ్ణి, అన్నాడు, అంతే, అప్పట్నించి ఫోను మోగితే అమ్మ చేతిలో పెట్టి లేచి పోవడమే, తమ్ముడు పండుగాడు, నాన్న నిన్నడుగుతున్నాడే, అంటే చదువుకోవాలి అనడమే, ఇంట్లో అమ్మా తనూ తమ్ముడూ, ముగ్గురు, ఫారంలో నలుగురు, అమ్మ చెప్పి రాయించిందా అంటే ఆ మధ్యాహ్నం అమ్మ షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది, ఇంట్లో ఎవరూ లేరు, ఎవర్నీ అడగకుండా, ఎదురుగా పుస్తకం తెరుచుకుని, నాన్న మీద కోపంతో ఉడికిపోతూనే తను రాసుకుంది, నలుగురు, కొట్టివేత కూడా లేదు.

ఒసేయ్ రమ్యా, అనుకుంది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, లోపల్నించి రమ్యశ్రీ ఎవరమ్మా అని పిలిచారు, లేచింది, ఒక్క అంకె కూడా దిద్దలేదు, ప్రశ్న మా ఆడవాళ్ళకి అర్థమైందండీ, నాకూ అర్థమైంది, అర్థమయ్యే అలా రాశాను, అని చెబుతుంది, ఎమ్మే సీటు వస్తే రానీ పోతే పోనీ, కోపం కోపమే, నాన్న మాత్రం లెక్కలో ఉన్నాడు.