ఇంటికో టార్క్ రెంచి

ఆదివారం పొద్దున ఆరిన బట్టలన్నీ తెచ్చి సోఫా మీద కుప్పపోసి ఆమె మడతలు పెడుతుంటే, అదే సోఫా రెండో చివర భర్తా, ఆడపడుచు మొగుడూ ఒకే ఫోన్‌లోకి తలలు దూర్చి టార్క్ రెంచి ఎంచుకుంటున్నారు. కారు చక్రాల నట్లు ఎంత బిగువు ఉండాలో అంతే బిగించే పనిముట్టు అది. ఇంట్లో ఏడాదికి రెండు మూడుసార్లు అవసరపడుతుంది. ఆమె అన్నయ్యగారని పిలిచే ఆ ఆడపడుచు మొగుడిది బ్యాంకు ఉద్యోగం, రెండు వీడియోలు చూసి మరీ వచ్చాడు. "కొనేదేదో పెద్దదే కొను బావా. వందనుంచి ఆరొందల దాకా బిగిస్తుంది. రేపు లారీ కొన్నా పనికొస్తుంది," అంటున్నాడు.

ఆమె ఒక ఫ్యాక్టరీలో కొలత పరికరాలు పరీక్షించే గదిలో పనిచేస్తుంది. పదకొండేళ్ళుగా రోజూ చేస్తున్నది టార్క్ రెంచిలు నిజం చెబుతున్నాయో లేదో తేల్చడమే. ఆ సంగతి సోఫాలో ఉన్న ఇద్దరికీ తెలుసు. తెలిసినా తట్టలేదు, అంతే.

"మన కారు నట్లకి నూట పది న్యూటన్ మీటర్ల బిగువు చాలండీ. ఆ అంకె రెంచి కొలతకి నడిమధ్యన ఉండాలి. నలభైనుంచి రెండొందల దాకా ఉన్నది తీసుకోండి. మరీ పెద్దదైతే కింది అంకెల దగ్గర తేడా చూపిస్తుంది," అంది దిండు గలీబు మడతపెడుతూ.

"ఆయన చెప్తున్నాడు కదా, కాస్త విననీ," అన్నాడు భర్త. అన్నయ్యగారు మర్యాదస్తుడు కాబట్టి నవ్వి, "కాఫీ పెడతావా అమ్మా?" అని మాత్రం అన్నాడు. ఆమె లేచి వెళ్ళి పెట్టింది. ఫ్యాక్టరీలో కండలు తిరిగిన మనుషులు తమ రెంచిలు ఆమె బల్లమీద పెట్టి, ఆమె సంతకం చేసేదాకా పక్కనే నిలబడతారు. ఇంట్లో ఆమె మాటకి విలువ ఉండేది కాఫీలో చక్కెర గురించి చెప్పేటప్పుడే.

పెద్దదే వచ్చింది, రెండు మూరల పొడుగున. భర్త చక్రాలు మార్చి బిగించాడు. టక్‌మని చప్పుడొస్తే ఆగిపోవాలి. అతను ఆగకుండా, మనశ్శాంతికి అంటూ ఇంకో రెండు పట్లు వేశాడు. "ఆ చప్పుడొచ్చాక ఇక లాగకూడదండీ," అంటే, "చేతికి తెలుస్తుందిలే," అన్నాడు. నెల తిరక్కుండానే మెకానిక్ విప్పబోతే బోల్టు విరిగి చేతిలోకొచ్చింది. "ఎవరు సార్ ఇలా బిగించింది?" అని అడిగాడు మెకానిక్. "రోజూ నడిపేది మా ఆవిడ. గతుకులు చూసుకోదు," అన్నాడు భర్త. మెకానిక్ ఆమె వైపు జాలిగా చూశాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆ కారులోనే రోజూ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు వెళ్ళాలి. ఈసారి బోల్టు దారిలో విరిగితే అన్న ఆలోచన ఆమెని వదల్లేదు. ఆ రెంచిని సంచిలో వేసుకుని వెళ్ళి, భోజనాల వేళ తన మిషన్ మీద పెట్టి చూసింది. నూట పది దగ్గర ఐదుసార్లు లాగితే ఐదు రకాలుగా చెప్పింది, ఒకసారి తొంభై ఎనిమిది, ఇంకోసారి నూట ముప్ఫై ఒకటి. ఇంటికొచ్చి చెబితే, "ముందు మీ మిషన్ చూపించుకోండి," అన్నాడు భర్త.

మర్నాడు పని దిగాక పనిముట్ల కొట్టుకి వెళ్ళింది. నలభైనుంచి రెండొందల దాకా కొలిచేవి మూడు తీయించింది. పెట్టిన అంకె లాగేటప్పుడు జారిపోకుండా తాళం పడుతుందా అని తిప్పి చూసింది. పెట్టెలో పరీక్ష కాగితం ఉందా, కాగితం మీది నంబరూ రెంచి మీది నంబరూ ఒకటేనా అని చూసింది. రెండు పక్కన పెట్టేసింది. "సార్‌ని కూడా ఓ మాట అడగండమ్మా," అన్నాడు కొట్టాయన. "అడిగితే లారీకి కొంటారు," అని మూడోది కట్టించుకుంది.

శుక్రవారం సాయంత్రం భర్త ఆ పెద్ద రెంచితోనే నట్లన్నీ ఇంకోసారి బిగించాడు. శనివారం పొద్దున ఆమె వాకిట్లో కారు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. విప్పడానికి మామూలు స్పానర్, బిగించడానికి మాత్రమే కొత్త రెంచి. ఒక్కో నట్టూ వదులు చేసి, మళ్ళీ నూట పదికి బిగిస్తోంది. భర్త తువ్వాలు భుజానేసుకుని బయటికొచ్చాడు. పక్కింటాయన గోడమీదనుంచి చూస్తున్నాడు.

"నిన్ననే కదా నేను బిగించాను. మళ్ళీ నువ్వు విప్పడమేంటి? నామీద నమ్మకం లేదా?" అన్నాడు, గొంతు తగ్గించి.

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఈ ప్రశ్న ఆమె ఎన్నోసార్లు విన్నది. అడిగినప్పుడల్లా, అయ్యో అదేం మాటండీ అని చేతిలో పని వదిలేసింది. ఫ్యాక్టరీలో ఏ పనిముట్టునీ ఊరికే నమ్మకపోవడానికే ఆమెకి జీతమిస్తున్నారు. అక్కడ దానికి ఎవరూ నొచ్చుకోరు.

"లేదండీ," అంది, తర్వాతి నట్టుకి స్పానర్ తగిలిస్తూ.