గాజుల చేతుల కళాయి

నా పేరు ఇందిరమ్మ. వనపర్తి పాత బజారులో నాకు పిండి గిర్ని ఉంది. ఇందిరమ్మ నోరు గిర్ని చప్పుడును కూడా మింగేస్తుందని బజారంతా చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. మిషను పక్కన నిలబడి మెల్లగా మాట్లాడితే ఎవరికి వినబడుతుంది?

నా గిర్ని గోడకు ఆనుకునే బషీర్ కళాయి దుకాణం. రాగి, ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత వేయడం వాళ్ల పని. ఆ పూత పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కి కడుపు పాడవుతుంది. స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి అడిగేవాళ్లే కరువయ్యారు. పెళ్లి వంటలు చేసేవాళ్లు, పాత సామాను మీద ప్రేమ చావని ముసలమ్మలు, అంతే. వాళ్లు తెచ్చిన గిన్నెను బషీర్ అందుకుని పరదా వెనక్కి తీసుకుపోయేవాడు. మర్నాటికి అది తళతళలాడుతూ ముందరికి వచ్చేది. బషీర్ చెయ్యి పడితే గిన్నెకు పెళ్లికళ వస్తుందని జనం అనేవారు.

ఆ చెయ్యి బషీర్‌ది కాదని నాకు తెలుసు. మా రెండిళ్లకూ వెనక వాకిలి ఒకటే. విషజ్వరం వచ్చి తగ్గాక బషీర్ కుడిచెయ్యి వణకడం మొదలైంది. కళాయి పని వణికే చేతిని ఒప్పుకోదు. గిన్నె సరిగ్గా కాగిన ఆ కాసేపట్లోనే పూత అంతటా సమంగా పరుచుకోవాలి, లేదంటే ముద్దకడుతుంది. అప్పటినుంచీ ఆయన భార్య కుల్సుమ్‌బీ కొలిమి ముందు కూర్చుంటోంది. పెళ్లయిన నాటినుంచి పక్కన గాలి కొడుతూ చూసిన పనే. కానీ ఈ సంగతి బయటికి పొక్కకూడదని బషీర్ మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. భార్య కష్టం మీద బతుకుతున్నాడని నలుగురూ అంటారని ఆయన భయం.

"ఆమె చేసిన రొట్టె తింటవు గని, ఆమె చేసిన కళాయి చెప్పుకుంటే తప్పా బషీర్ అన్నా?" అని ఒకసారి అడిగేశాను. ఆయన చాలా రోజులు నా గిర్ని వైపు చూడలేదు. కుల్సుమ్‌బీ మాత్రం "పోనియ్ అక్కా, పని దొరుకుతుంది గదా" అంది. నాకు బషీర్ మీద కంటే ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఈ గుట్టుకు నిప్పంటించింది వాళ్ల కోడలు నిఖత్. ఆ పిల్ల మెహందీ పెడుతుంది. పెట్టిన చేతులను ఫోన్‌లో వీడియో తీసి, నెట్‌లో వేసి పెళ్లి బేరాలు తెచ్చుకుంటుంది. మెహందీ వీడియోల్లో మొహాలుండవు, చేతులే ఉంటాయి. అదే అలవాటులో ఒక మధ్యాహ్నం అత్త పని చేస్తుంటే ఆ చేతులను తీసింది. దుకాణానికి నాలుగు బేరాలు వస్తాయని నెట్‌లో పెట్టింది. మొహం లేదు కాబట్టి మామ వేయించుకున్న ఒట్టుకు భంగం లేదనుకుంది, పిచ్చిది. ఆ చేతులకు మోచేతి దగ్గరిదాకా ఆకుపచ్చ గాజులున్నాయన్న సంగతి దానికి తోచనేలేదు. గాజుల చేతులు చూసి చూసి దాని కంటికి అవి చేతుల్లో భాగమైపోయాయి.

పైగా కింద నా ఫోన్ నంబరు ఇచ్చింది. మామది పాత బటన్ల ఫోను, మోగినా ఆయనకు వినబడదట. నన్నొక మాట అడిగిందా అంటే, లేదు.

మర్నాడు జొన్నలు పడుతుండగా మొదటి ఫోను వచ్చింది. "కళాయి అమ్మేనా?" అని ఎవరో ఆడమనిషి. "కళాయి లేదు, కొళాయి లేదు, ఇది పిండి గిర్ని" అని పెట్టేశాను. పెట్టీ పెట్టకముందే ఇంకొకటి. బిజినేపల్లి నుంచి ఒకరు, వడ్డేపల్లి నుంచి ఒకరు, రాయచూరు నుంచి కన్నడంలో ఒకాయన. సాయంత్రానికి నా అంతటి దానికి గొంతు పోయింది. కోడలు పిల్లను చెవి పట్టుకుని లాక్కొద్దామని పోతే, అది నవ్వుతూ ఫోను నా చేతిలో పెట్టింది.

చూశాను. నల్లగా మాడిన రాగి గిన్నె. ఎడమచెయ్యి దాన్ని పట్టకారుతో నిప్పుల మీద తిప్పుతోంది. కుడిచెయ్యి మకిలి వదిలించే నవసాగరం పొడి చిటికెడు చల్లింది. గుప్పున తెల్లటి పొగ. తగరపు కడ్డీని అలా తాకించి, దూది ఉండతో చుట్టూ ఒక్క తుడుపు తుడిచింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు ఒక తెల్లటి వెలుగు అడుగునుంచి అంచుదాకా ఎగబాకింది. గాజులు గలగలమన్నాయి. అంతే వీడియో.

వెనక వాకిలినుంచి ఎన్నిసార్లు చూశానో ఆ పనిని! చూశాననే అనుకున్నాను. చూడలేదు. నిలబడిన చోటే మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాను. దాన్ని అప్పటికే పద్నాలుగు లక్షల మంది చూశారని నిఖత్ చెప్పింది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పట్నాల్లోని పసిపిల్లలతో సహా లెక్కపెట్టినా అంతమంది ఉండరు. అంతమందీ మా వెనక వాకిలిలోకి తొంగిచూశారన్నమాట. కింద రాసిన మాటలు కూడా చదివి వినిపించింది. మా నాయనమ్మ గిన్నె అటక మీద ఉంది, ఇవాళే దించుతాను అని ఒకరు. ఆ గాజుల చేతులకు దండం అని ఒకరు. ఎవరమ్మా నువ్వు అని ఎందరో.

అదే ప్రశ్న బషీర్‌కు చాయ్ హోటల్లో ఎదురైంది, వేరే రకంగా. పల్లీల దళారి యాదయ్య అందరి ముందరా అడిగాడు, "బషీర్ భాయ్, గాజులెప్పుడు తొడుక్కున్నవ్?" అందరూ నవ్వారు. బషీర్ గ్లాసు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చాడు.

"తీసెయ్ దాన్ని" అన్నాడు కోడలితో.

"నేను తీసినా ఆగదు మామా. జనం ఫోన్లల్ల దించుకున్నరు, ఒకరికొకరు పంపుకుంటుండ్రు."

ఆయన వెనక్కి పోయి చెంబుడు నీళ్లు కొలిమిలో కుమ్మరించాడు. "ఇగ వెలిగియ్యకు" అన్నాడు భార్యతో.

ముందర గిన్నెలు కుప్పపడుతున్నాయి. వెనక కొలిమి చల్లగా ఉంది. కుల్సుమ్‌బీ దాని పక్కనే పీట మీద కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. నేను పోయి ఆమె పక్కన కూలబడ్డాను.

"అక్కా, నాకు మొహం చూపియ్యాలని లేదు. పేరు గూడ వద్దు" అంది. "గీ కొలిమి ఉంటే చాలు. గిన్నె తెల్లగయ్యేటప్పుడు నాకు ఎట్లుంటదో ఎవ్వలకు చెప్పలేను. అది గూడ పోతే నేనేం జేస్త?"

ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. ఎప్పుడూ తిట్టే నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆదివారం నాడు ఆటోలోంచి జోగులమ్మ దిగింది. గద్వాలలో పత్తి విత్తనాల చేను ఉన్న ఆసామి ఆమె. జాతరకు పప్పు వండే ఇత్తడి గుండిని ఇద్దరు మనుషులతో మోయించుకుని, చేతిలో ఒక చిన్న గిన్నెతో వచ్చింది. దుకాణం ముందు అప్పటికే జనం. సగం మంది గిన్నెలతో, సగం మంది ఫోన్లతో. యాదయ్య కూడా ఉన్నాడు, తమాషా చూడటానికి.

బషీర్ చెయ్యి చాపితే జోగులమ్మ ఇవ్వలేదు. "గాజులామె ఏది అన్నా? నేను ఆమె చేతికే ఇస్త."

"దుకాణం నాది. నేనే చేస్త" అన్నాడు బషీర్.

అన్నవాడు ఊరుకోలేదు. గాలి మిషను ముందుకు తెచ్చి, బజారు మొహాన బొగ్గులు పోసి నిప్పు రాజేశాడు. గుండి పెద్దదని ముందుగా ఆమె చేతిలోని చిన్న గిన్నెను అందుకుని నిప్పుల మీద పట్టాడు. తిప్పాడు, కాచాడు, పొడి చల్లాడు. పొగ లేచింది. అప్పటిదాకా అంతా సరిగ్గానే ఉంది. తగరం తాకించి దూది పెట్టగానే చెయ్యి అదిరింది. తుడుపు ఒకచోట ఆగింది. తగరం ముద్దలు ముద్దలుగా కట్టింది, మిగతాదంతా నల్లగా మాడింది.

ఎవరూ నవ్వలేదు. యాదయ్య కూడా తల దించుకున్నాడు. ఆయన ఇప్పుడు లేచి షట్టరు దించేస్తే, లోపలున్న కుల్సుమ్‌బీకి ఈ జన్మకు మళ్లీ కొలిమి లేదు.

"పోనియ్ అన్నా" అంది జోగులమ్మ మెల్లగా. "ఇంటికి తీస్కపోయి తోమిస్త తియ్."

బషీర్ గిన్నెలోకే చూస్తున్నాడు. తర్వాత పట్టకారు కింద పెట్టి లేచాడు. షట్టరు వైపు కాదు, పరదా వైపు నడిచాడు. దాన్ని పక్కకు జరుపుతాడనుకున్నాను. మేకు నుంచి ఊడదీసి భుజాన వేసుకున్నాడు.

"కుల్సుమ్" అన్నాడు. అంతకుముందు ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, ఎప్పుడూ కొడుకు పేరు పెట్టి యాసిన్ అమ్మీ అనేవాడు. "బయటికి రా. గిది నాతోని అయితలేదు. గిన్ని రోజులు చేసింది నువ్వే."

ఆమె వచ్చింది, కొంగు తలమీదికి లాక్కుంటూ. మొహం పాలిపోయి ఉంది. జనాన్ని చూసి ఒక్క క్షణం ఆగింది, కానీ నిప్పును చూశాక ఇక జనం కనబడలేదనుకుంటాను. పీట లాక్కుని కూర్చుంది. మాడిన గిన్నెను ఇసుకతో రుద్ది, కడిగి, పట్టకారుతో ఎత్తింది. బషీర్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని గాలి మిషను పిడి పట్టుకున్నాడు. వణికే చెయ్యే, కానీ పిడి తిప్పడానికి అది చాలు.

నా గిర్ని ఆపిందెవరో నాకు తెలియదు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఒక్క వీడియో తీసేయమన్న మనిషి అన్నిటికీ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, మొహం తిప్పుకోకుండా.

"జర గాలి పెంచు" అంది కుల్సుమ్‌బీ, అందరికీ వినబడేలా.

ఆయన పెంచాడు.