చెక్‌పోస్టు పార్టీ

తస్లీమ్ ఇరవై ఏళ్లుగా హైదరాబాదు ల్యాబులో చేస్తున్న పని ఒకటే. క్యాన్సర్ కణంలో డీఎన్‌ఏ తెగితే, అది మళ్లీ అతుక్కోకుండా చూడటం. లారీ డ్రైవరైన ఆమె బాబాయి మౌలాలి మాత్రం జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ప్రతి లారీ షెడ్డులోనూ "మా పిల్ల డీఎన్‌ఏకి రిపేర్లు చేస్తుంది" అని చాటింపు వేశాడు. కాదని చెప్పడానికి తస్లీమ్‌కు మొహమాటం అడ్డొచ్చింది. ఆ మొహమాటమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

బాబాయికే ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. డాక్టరు రాసిన మాత్రల గురించి ఫోనులో వివరిస్తూ, "ఇవి రిపేరు ఆపుతాయి బాబాయ్" అనేసింది తస్లీమ్. అంతే, ఆయన డబ్బా మూత కూడా తీయలేదు. తండ్రి పోయాక తనను చదివించిన మనిషి ఆయన. ఆయన కూడా పోతాడేమోనన్న భయంతో పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగింది.

"రిపేరు ఆపితే బండి మూలపడ్డట్టే గదా! షెడ్డుల్లో నా మొహం ఎట్టా చూపించను?" అన్నాడు మౌలాలి. ప్రాణం కన్నా పరువు గురించే ఆయన బెంగ.

"ఆ మొహం ఎవరు చూశారు గనక!" వంటింట్లోంచి పిన్ని హఫీజున్నీసా దెప్పింది. "మిర్చి లోడుతో గరికపాడు చెక్‌పోస్టు తప్పించుకుని వత్సవాయి మీదుగా దొంగదారి పట్టేవాడే మీ బాబాయి!"

తస్లీమ్‌కు ప్రాణం లేచొచ్చింది.

"బాబాయ్, ఆ దొంగదారి కూడా మూసేస్తే ఏం చేసేవాడివి?"

"ఏముంది, సరుకుతో సహా దొరికిపోయేవాణ్ణి."

"తెగిన డీఎన్‌ఏని అతికించుకోడానికి మంచి కణాలకి చాలా దార్లుంటాయి. నీ క్యాన్సర్ కణానికి మెయిన్ రోడ్డు ముందే పాడైంది. దొంగదారిన బతుకుతోంది. ఈ మాత్ర ఆ దారి మూస్తుంది. ఇంక అతుక్కోలేక చస్తుంది."

మౌలాలి ఆమెను ఎగాదిగా చూశాడు. "అంటే ఇన్నేళ్ల నుంచీ నువ్వు చెక్‌పోస్టోళ్ల పార్టీయా?"

"అవును బాబాయ్."

"మన ఇంటా వంటా లేని పని!"

తస్లీమ్‌కు నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి, డ్రైవరు తోటి డ్రైవర్ని అడిగినట్టు అడిగాడు. "నిజం చెప్పు. అది ఇంకో దారి వెతుక్కోదా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"ఒక్కోసారి వెతుక్కుంటుంది. అదెక్కడో కనిపెట్టడమే ఇప్పుడు నా పని. ఇంకా పూర్తిగా తెలీలేదు." చెబుతుంటే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మౌలాలి డబ్బా అందుకుని మూత తిప్పాడు.

"నువ్వు కనిపెట్టే దాకా నేనిక్కడ దానికి అడ్డంగా నిలబడతా. మరీ ఎక్కువసేపు నిలబెట్టమాకు" అని మాత్ర నోట్లో వేసుకున్నాడు.